సముద్రం మీద గుంటక

ఒంగోలు,
అక్టోబరు 6

ప్రియమైన సుబ్బులు వదినకు,

ముందు ప్రభువుకు స్తోత్రం, ఆ తర్వాత నీకు తిట్లు. దసరా వెళ్లిపోయింది, ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఇక్కడ నా కూతురు కేథరిన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కనే కూర్చుంటుంది. అక్కడ నీ ఫోనేమో మస్తానయ్య అన్న జేబులో గొర్రెల వెంట పోతుంది. మనం రెండు మాటలు మాట్లాడుకోవాలంటే ఈ పక్క నర్సు కూతురూ, ఆ పక్క గొర్రెల మందా మొత్తం వినాలి. అందుకే మనకు ఉత్తరమే మేలు.

జూన్‌లో గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను మనిషిని కాదు, పచ్చికుండను. చెంబు ఎత్తబోతే "అమ్మా, కుట్లు" అంటుంది కేథరిన్. వంగితే "అమ్మా, కుట్లు". పెద్దగా దగ్గినా అదే మాట. ఆసుపత్రిలో అందరికీ ధైర్యం చెప్పే పిల్ల, తల్లి దగ్గరికి వచ్చేసరికి కోడిపిల్ల అయిపోయింది.

మొన్న డాక్టరమ్మ చూసింది. "పూర్తిగా మానిపోయింది, ఇక నీ పనులన్నీ నువ్వు చేసుకోవచ్చు" అంది. ఈ మాట విని నేను ఎగిరి గంతేయాలి. వేయలేదు. నిజం చెబుతున్నా వదినా, తప్పు కేథరిన్‌ది కాదు. నాకే ధైర్యం చచ్చిపోయింది. మెట్టు దిగాలన్నా చెయ్యి దానంతట అదే కడుపు మీదకు పోతుంది. లోపల ఏదో తెగిపోతుందని భయం. పొలాల్లో పుట్టి పెరిగిన దాన్ని, వీధి చివరికి నడిచి వెనక్కి వస్తున్నాను.

అందుకని ఒక మాట. జనవరిలో మిరప కోతలు మొదలవుతాయి. మన కూలీల ముఠాను, మనతో కోతకొచ్చే దానమ్మకు అప్పగించు. ఇన్నేళ్లు మేస్త్రిగా ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను లేపాను, ఆటోలు మాట్లాడాను, సాళ్లు పంచాను, రైతులతో పోట్లాడాను. ఇక చాలు. కూర్చుని పెత్తనం చేసే మేస్త్రి ఎవరికి కావాలి?

మీ వదిన,
ఎలీషబా


రాచర్ల,
అక్టోబరు 15

ఎలీషబా వదినకు సుబ్బులు రాసేది.

ఇక్కడ నేను, మీ అన్న, గొర్రెలు, నువ్వు నాకు వదిలిపోయిన నీ బర్రె బాగున్నాం. నువ్వు మాత్రం బాగాలేవని నీ చేతిరాతే చెబుతోంది. అక్షరాలు కూడా మంచం పట్టినట్టున్నాయి.

దానమ్మను అడిగాను. "నాకెందుకు తల్లీ ఆ తలకాయనొప్పి. తెల్లారకముందే అందరి తలుపులు కొట్టాల. ఒకదానికి కడుపునొప్పి, ఒకదానికి పెండ్లి, ఆటోవానికి డీజిల్ లేదు. ఎలీషబక్క వచ్చేదాకా నువ్వే చూడు సుబ్బులక్కా" అనేసింది. కాబట్టి పత్తి తీతకు ముఠాను నేనే తీసుకుపోతున్నాను. నవ్వకు. గొర్రెలను మళ్లించినంత సులువనుకున్నా. గొర్రె తిరిగి మాట్లాడదు కదా, మనవాళ్లు మాట్లాడతారు. నిన్న సాళ్లు తప్పుగా పంచాను. ఇద్దరు ఒకే సాలులో దిగి జుట్లు పట్టుకున్నారు. విడదీయబోతే నా జాకెట్టు చినిగింది. మిగతాదంతా సవ్యంగానే ఉంది.

ఓబులయ్య మామ కనిపించి, "మీ మేస్త్రి ఎప్పుడొస్తాది? ఈసారి మా చేలో మిరప ఏపుగా పెరిగినాది" అన్నాడు. "కోతకు వచ్చేస్తాది మామా" అని చెప్పాను. ఏం, తప్పా?

దర్శిలో మా అమ్మాయి ఉమ బాగుంది.

డాక్టరమ్మ మానిపోయిందని చెప్పాక కూడా నువ్వు మంచం దిగకపోతే ఆ రోగానికి పేరేంది? మీ కేథరిన్‌ను అడిగి రాయి.

నీ వదిన,
సుబ్బులు


ఒంగోలు,
నవంబరు 12

సుబ్బులు వదినకు,

ఓబులయ్య మామకు అట్ల ఎందుకు చెప్పావు? నేను రాను. రానని తేల్చుకున్నాను. కేథరిన్ ఇక్కడే ఉండిపొమ్మంటోంది. అల్లుడు కూడా మంచివాడు, నా మంచం ఎండ తగిలే గదిలో వేయించాడు. క్రిస్మస్‌కు ఊరికి వచ్చి మా ప్రార్థన గుడిలో అందరికీ చెప్పి, ఇంటికి తాళం వేస్తాను. బర్రెను ఎవరైనా అడిగితే ఇచ్చెయ్. పోట్లాడొద్దు వదినా, పోట్లాడే ఓపిక కూడా లేదు.

ఇంకో సంగతి. డిసెంబరు మొదట్లో కేథరిన్‌కు సెలవులు ఉన్నాయి. నాకు గాలి మార్పు కావాలని విశాఖపట్నం తీసుకుపోతోంది. అక్కడ సముద్రంలో సర్ఫింగ్ అని ఒక ఆట నేర్పుతారంట. పొడుగాటి పలక మీద నిలబడి అల మీద జారుకుంటూ ఒడ్డుకు రావాలి. కేథరిన్ తన కోసం ఒక పాఠం బుక్ చేసుకుంది. నేను కుర్చీలో శాలువా కప్పుకుని చూస్తూ కూర్చోవాలని ఏర్పాటు. సరేనన్నాను. ఈ మధ్య దేనికైనా సరేనంటున్నాను.

ఎలీషబా


రాచర్ల,
నవంబరు 20

వదినా,

బర్రెను అమ్మను. గిద్దలూరు నుంచి ఒకాయన వచ్చి పళ్లు చూడబోతే, "ఇది పొడుస్తాది" అని చెప్పి పంపేశాను. అది ఆయన్ను నాకింది. అయినా నమ్మి పోయాడు.

నువ్వు రానని రాసిన ఉత్తరం ఎవరికీ చూపించలేదు. చూపించను కూడా. నీకు పోట్లాడే ఓపిక లేదంటే నేను నమ్మాలా? రైతు తాగేనీళ్ల క్యాన్ పెట్టలేదని మొత్తం ముఠాను గట్టు మీద కూర్చోబెట్టిన మనిషివి నువ్వు.

సముద్రానికి పో. నేను ఈ జన్మలో సముద్రం చూడలేదు. మన పక్క చెరువు నిండితేనే చూడటానికి మనుషులు పోతారు. అదెట్లుంటుందో, ఆ పలక ఆటేంటో, ఒక్కటి కూడా దాచకుండా రాయి. శాలువా సంగతి వద్దు.

సుబ్బులు


విశాఖపట్నం,
డిసెంబరు 5

సుబ్బులూ,

వదినా అని రాయడానికి కూడా ఆగలేకపోతున్నా. నా చెవుల్లో ఇంకా ఉప్పునీళ్లు ఉన్నాయి. జుట్టు నిండా ఇసుక. భుజాలు నొప్పి, మోకాలు చెక్కుకుపోయింది. ఇంత బాగా నేను ఉండి ఎన్నాళ్లయిందో.

మొదటి నుంచి చెబుతాను. పొద్దున్నే రుషికొండ బీచ్‌కు వెళ్లాం. సముద్రం ఎట్లుంటుందని అడిగావు కదా. మన ఓబులయ్య మామ చేను, దాని పక్క చేను, ఆ పక్క చేను, ఇట్ల గట్లు లేకుండా దున్నేసి, చాళ్లన్నీ ఒకేసారి కదులుతుంటే ఎట్లుంటుందో అట్లుంటుంది. నాకు భయం కన్నా ముందు, ఇంత చేనుకు ఎంతమంది కూలీలు కావాలో అనిపించింది.

పాఠం చెప్పే పిల్ల పేరు రేణుక. చేపలు పట్టేవాళ్ల అమ్మాయి. ముందు ఇసుక మీదే పలక పెట్టి, బోర్లా పడుకోబెట్టి, చేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడటం నేర్పింది. కేథరిన్ ఇసుక మీద బ్రహ్మాండంగా లేచింది. నీళ్లలోకి దిగింది. నడుము లోతు కూడా లేదు. మొదటి అల మొహాన కొట్టగానే, పలక అక్కడే వదిలేసి నా కుర్చీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "నావల్ల కాదమ్మా" అంది. రేణుక పలక పట్టుకుని నిలబడి, "టైం ఉండిపోనాది కదా, మీలో ఇంకెవరైనా వస్తారా?" అని అడిగింది. అల్లుడు ఆకాశంలోకి చూశాడు.

నేను లేచాను. ఎందుకు లేచానో అడగొద్దు. ఆ పలక ఖాళీగా ఊగుతుంటే చూడలేకపోయాను.

కేథరిన్ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీకేమన్నా పిచ్చా? కుట్లు" అంది.

"డాక్టరమ్మ మానిపోయిందని చెప్పింది కదా. నువ్వు నర్సువి. నువ్వే నమ్మకపోతే ఎట్ల?" అన్నాను. ఆ మాట దానికి చెప్పానో, నాకు చెప్పుకున్నానో.

చీరతో కుదరదంది రేణుక. ఒంటికి అతుక్కునే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, పైన నీళ్లలో తేలే జాకెట్టు వేసింది. అద్దం లేదు కాబట్టి బతికిపోయాను. నీళ్లలోకి దిగేటప్పుడు నా చెయ్యి కడుపు మీదే ఉంది. రేణుక దాన్ని చూసింది. ఆపరేషన్ సంగతి చెప్పాను. డాక్టరమ్మ ఏమందో అడిగి తెలుసుకుని, "నొప్పనిపిస్తే ఆపేద్దామమ్మా, సిగ్గుపడొద్దు" అంది.

పలక మీద పడుకున్నాను. వెనక నుంచి అల వచ్చింది. రేణుక తోసింది. లేచాను, నిజంగానే లేచాను. లేచిన వెంటనే కుడిపక్కకు దబ్బున పడ్డాను. నోట్లోకి, ముక్కులోకి నీళ్లు. మన ఊరి బోరు నీళ్లు తాగి పెరిగిన నోరు కదా, ఉప్పును లెక్కచేయలేదు. మళ్లీ ఎక్కాను. మళ్లీ కుడిపక్కకే పడ్డాను. ఇంకోసారి ఎక్కితే ఇంకోసారి అదే. ఎడమకు పడితే ఒట్టు.

"ఏటమ్మా, అలా ఆ అంచుకెళ్లిపోతన్నారు? మజ్జిన నిలబడండి, మజ్జిన" అంటోంది రేణుక. నా చెవులకు వినిపిస్తోంది, కాళ్లకు వినిపించడం లేదు. పలక మీద లేవగానే రెండు కాళ్లూ కుడి అంచుకు పోతున్నాయి. పైగా చేతులు ముందుకు చాపి పిడికిళ్లు బిగిస్తున్నానంట. "దేన్ని పట్టుకుంటన్నారమ్మా?" అని నవ్వింది.

అప్పుడు తెలిసింది వదినా. నీళ్లలో కూర్చుని నేను కూడా నవ్వాను. మీ నాయన దున్నిన చేలో పెళ్లలు చదును చేయడానికి ఎద్దులతో గుంటక తోలేటప్పుడు బరువు కోసం మనిద్దరినీ దాని మీద చెరో కొసన నిలబెట్టేవాడు, గుర్తుందా? ఎప్పుడూ నువ్వు ఎడమ, నేను కుడి. పగ్గం పట్టుకుని, వెనక్కి వాలి, మట్టిపెళ్లల మీద ఊగుతూ పోయేవాళ్లం. నువ్వు చెప్పకుండా దూకేస్తే నేను బోర్లాపడేదాన్ని. చిన్నప్పుడు చేసిన పని నా బుర్ర మరిచిపోయింది గానీ కాళ్లు మరిచిపోలేదు. ఇంత దూరం వచ్చి, సముద్రం మీద, నీ కోసం సగం పలక వదిలిపెట్టి నిలబడుతున్నాను.

రేణుకకు చెప్పాను. ఆ పిల్లకు గుంటక అంటే తెలియదు, ఇసుకలో గీసి చూపించాను. "అయితే మీకు నిలబడటం వచ్చమ్మా. పక్కన మనిషి లేదనుకోండి, చాలు" అంది. చెప్పడం తేలికే. నువ్వు లేవనుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. పగ్గం లేదని చేతులకు చెప్పాను. వెనక్కి వాలొద్దని నడుముకు చెప్పాను. ప్రార్థన చేశాను. పడుకున్నాను.

అల వచ్చింది. ఎద్దులైతే ముందు నుంచి లాగుతాయి, ఇది వెనక నుంచి తోస్తుంది. అంతే తేడా. లేచాను. కాళ్లు అంచుకు పోబోతుంటే లాక్కొచ్చి నడిమధ్యన పెట్టాను. పక్కకు తిరిగి, మోకాళ్లు వంచి నిలబడ్డాను. పలక ఊగింది, పడలేదు. ఇంకా పడలేదు. కింద నీళ్లు పరిగెత్తుతున్నాయి, నేను వాటి మీద నిలబడి ఉన్నాను. ఒడ్డున ఉన్న కేథరిన్ పెద్దదవుతూ, దగ్గరవుతూ వస్తోంది. నేను "హో" అని అరిచాను. ఎద్దులను అదిలించినట్టు సముద్రాన్ని అదిలించాను. బీచ్‌లో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. పలక ఇసుకను తాకి ఆగేదాకా నిలబడే ఉన్నాను. అప్పుడు చూసుకుంటే నా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. ఒక్కటి కూడా కడుపు మీద లేదు.

కేథరిన్ ఏడుస్తూ వీడియో తీసింది. అందుకే అది ఊగుతుంది. ఆ తర్వాత నేను నీళ్లలో నుంచి రానన్నాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ పడ్డాను, మళ్లీ నిలబడ్డాను. రేణుకే దండం పెట్టి, "ఇక చాలమ్మా, రేపు లేవలేరు" అని బయటికి లాక్కొచ్చింది. రేపు లేస్తాను. ఏమీ తెగలేదు సుబ్బులూ. నాలో తెగిపోయేది ఏదీ లేదు.

బర్రెను అమ్మొద్దు. ఓబులయ్య మామకు చెప్పు, కోతకు మేస్త్రి వస్తోందని.

నీ వదిన,
ఎలీషబా


రాచర్ల,
డిసెంబరు 13

మా ఎలీషబా వదినకు,

ఉత్తరం కంటే ముందు వీడియో వచ్చింది. కేథరిన్ మీ అన్న ఫోన్‌కు పంపింది. ఆయన గొర్రెల మధ్య నిలబడి చూసి, మందను అక్కడే వదిలేసి చేనుకు పరిగెత్తుకొచ్చాడు. అక్కడ ముఠా మొత్తం పత్తి వదిలేసి ఫోన్ చుట్టూ మూగింది. "ఆ ప్యాంటేంది?" అని ఒకతి, "ఆమె కాదులే, ఎవరో హిందీ ఆమె" అని ఇంకొకతి. "హో" అని నువ్వు అరిచినాక ఇంకెవరికీ అనుమానం రాలేదు. దానమ్మ చప్పట్లు కొట్టి దేవునికి స్తోత్రం చెప్పింది. ఇదేం కేకలని ఓబులయ్య మామ కర్ర పట్టుకుని వచ్చి, ఆయనా చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు, ఇంకోసారి పెట్టమన్నాడు.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతులు చెబుతాను. అంతా సవ్యంగా ఉందని రాశాను కదా, అబద్ధం. నా పెత్తనం ఎవరూ వినలేదు. ముఠాలో సగం మంది దొనకొండ పక్క మేస్త్రి దగ్గరికి పోదామని మూటలు కట్టుకున్నారు. ఓబులయ్య మామ కూడా, "కొత్త సంవత్సరానికి మీ మేస్త్రి చేలో నిలబడకపోతే నేను వేరే ముఠాను పిలుచుకుంటా. మంచం పట్టిన మనిషి కోసం కాయ చెట్టు మీద ఎండిపోవాలనా?" అన్నాడు. వీడియో చూశాక ఆయన అన్న మాట రాస్తున్నా, ఉన్నదున్నట్టు. "సముద్రం మీద నిలబడిన మనిషి నా చేలో నిలబడలేదా? రమ్మను. వేరే ముఠా ఏంది, ఎవరన్నారు ఆ మాట?"

ఇంకొకటి. మా ఉమకు ఇది రెండో కాన్పు. జనవరిలోనే. నేను దర్శికి పోయి దాని పక్కన ఉండాలి. ముఠాను వదిలిపోతే చెల్లాచెదురవుతుందని కదల్లేకపోయాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నా కోసమని మొహమాటంతో వచ్చేదానివి. నువ్వు నీ కోసం రావాలని నాకు ఉండింది.

నా కోసం సగం పలక వదిలావని చదివి ఏడ్చాను వదినా. నవ్వొచ్చి ఏడ్చానని మీ అన్నతో చెప్పాను. ఈ ముఠా మీద నేను కూడా ఒక కొసనే నిలబడ్డాను ఇన్నాళ్లూ. ఇక దిగుతున్నా. ఈసారి చెప్పి దిగుతున్నా, బోర్లాపడకు.

సుబ్బులు


రాచర్ల,
జనవరి 20

దర్శిలో ఉన్న సుబ్బులు వదినకు,

ఉమకు ఆడపిల్ల పుట్టిందని విని గుడిలో అందరం ప్రార్థన చేశాం. బిడ్డకు నీ ముక్కు రాలేదని చెప్పారు, అదృష్టవంతురాలు.

నిన్న మొదటి కోత. తెల్లారకముందే బయలుదేరి తలుపులు కొట్టాను. దానమ్మ కడుపునొప్పి అంది. "నాకు కడుపే కోసినారు, లెయ్" అన్నాను. లేచింది. దొనకొండ పోదామనుకున్నవాళ్లు అందరికంటే ముందు ఆటో ఎక్కి కూర్చున్నారు, ఏమీ తెలియనట్టు. నేను కూడా ఏమీ తెలియనట్టే ఉన్నాను.

కేథరిన్ సెలవు పెట్టి నాకు కాపలా వచ్చింది. గట్టు మీద కూర్చుని కాసేపు చూసి, ఊరికే ఉండలేక సాలులో దిగింది. కాయ కోసిన చేత్తో కన్ను తుడుచుకుని, అందరి చేతా నీళ్లు పోయించుకుంది. ఆ తర్వాత కుట్ల మాట ఎత్తలేదు.

ఓబులయ్య మామ నీళ్ల క్యాన్లు ముందే నీడలో పెట్టించాడు. నేను అడగకముందే. చేను ఈ కొస నుంచి ఆ కొస వరకు ఎర్రగా ఉంది. ఆడవాళ్లందరూ గట్టు మీద నిలబడి నా వైపు చూస్తున్నారు. ఆ చూపు కోసం ఎంత మొహం వాచిపోయానో నాకే తెలియదు వదినా. ఒక్కొక్కరికి సాలు చూపించాను. మొదటి సాలు నేను పట్టాను. "దిగండమ్మా" అన్నాను. అందరూ ఒకేసారి వంగారు. నేనూ వంగాను. పొద్దుగూకేదాకా ఒక్కరూ వెనకబడలేదు, నేను కూడా.

ఉత్తరం ఇంతేనా అని అలగొద్దు. మంచం మీద ఉన్నప్పుడు పేజీలు పేజీలు రాశాను, అప్పుడు వేరే పని లేదు. రేపు పొద్దున్నే కోత ఉంది.

ఎలీషబా,
ముఠా మేస్త్రి